బర్మానా, మయన్మారా: ఎక్కడ ఏ పేరు రాయాలి?

పోయినేడు మా అన్నయ్య కూతురు డాలస్ నుంచి ఫోన్ చేసింది. "బాబాయ్, నాయనమ్మకి విజిటర్ వీసా ఫారం నింపుతున్నాను, పుట్టిన దేశం దగ్గర మయన్మార్ దొరకట్లేదు, ఎం అక్షరం కింద రెండుసార్లు చూశాను" అంది. మా అమ్మ 1947లో రంగూన్‌లో పుట్టింది. "బీ కింద చూడమ్మా" అన్నాను. చూసింది, బర్మా అని ఉంది. "అదేంటి, అది పాత పేరు కదా, స్కూల్లో మయన్మార్ అనే చెప్పారు, ఇది నొక్కితే తర్వాత ఏమైనా తేడా వస్తుందా?" అని అడిగింది. టెన్షన్ దాని గొంతులోనే తెలుస్తోంది. ఆ రోజు ఫోన్‌లో ఐదు నిమిషాల్లో ఏదో చెప్పి పెట్టేశాను గానీ, ఈ ప్రశ్న నాకు వృత్తిలో కూడా రోజూ ఎదురయ్యేదే. ఇంగ్లీషు వార్తల్ని తెలుగులోకి తేవడం నా పని. ఒక వార్తలో బర్మా అని ఉంటుంది, ఇంకో వార్తలో మయన్మార్ అని ఉంటుంది, కొన్నిసార్లు ఒకే వార్తలో రెండూ ఉంటాయి. అందుకే ఈసారి కూర్చుని పూర్తిగా రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తాను. ఈనాటి దేశం గురించి రాస్తుంటే మయన్మార్. 1989కి ముందు జరిగినదాని గురించి రాస్తుంటే బర్మా. భాష పేరు ఎప్పుడైనా బర్మీసే. ఫారం నింపుతుంటే ఆ ఫారం వాళ్ళ జాబితాలో ఏది ఉంటే అది. పాత కాగితాల మీద ఉన్న పేరు మాత్రం ఏ పరిస్థితిలోనూ మార్చి రాయకండి. ఈ మాత్రం చాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు, కానీ ఎందుకో తెలియకుండా పాటిస్తే మొదటి చిక్కు రాగానే మళ్ళీ తడబడతారు.

రెండూ ఒకే మాట

చాలామంది అనుకునేది ఏమిటంటే బర్మా అనేది తెల్లవాళ్ళు పెట్టిన పేరు, మయన్మార్ అనేది అక్కడి వాళ్ళ సొంత పేరు అని. మన బొంబాయి ముంబై అయినట్టూ, మద్రాసు చెన్నై అయినట్టూ అని పోలుస్తారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే అనుకున్నాను. అది తప్పని నాకు చెప్పింది మా అమ్మే.

అమ్మ అక్కడ బర్మీస్ బడిలో చదువుకుంది. ఒకరోజు కరెంటు బిల్లు వెనకాల ఆ దేశం పేరు బర్మీస్ లిపిలో రాయమన్నాను. గుండ్రంగా, మన అక్షరాలకి దూరపు చుట్టంలా ఉంటుంది ఆ లిపి, వాళ్ళ 'గ' అయితే తలకట్టు తీసేసిన మన 'గ' లాగే ఉంటుంది. అమ్మ ముందు ఒక 'మ' రాసి, దాన్ని ఎడమ వైపు నుంచి చుట్టేస్తూ ఒక గీత గీసింది, అచ్చం మన పాత రాతలో క్రారవడి చుట్టినట్టు. అది ర వత్తు. తర్వాత పొల్లు 'న', ఆ తర్వాత 'మా'. అక్షరాలు కూడబలుక్కుంటే 'మ్రన్మా' అవుతుంది. "ఇది మ్రన్మా కదమ్మా" అంటే, "రాసేది అలాగే, చదివేది మ్యన్మా, ఇంట్లో అనేది బమా" అంది. మూడు ముక్కల్లో చెప్పేసింది. నేను తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదంతా దీనికి వివరణే.

పాత శాసనాల్లో ఈ జాతి పేరు 'మ్రన్మా' అనే రూపంలో 12వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది. కాలక్రమంలో బర్మీస్ మాట్లాడేవాళ్ళ నోట్లో 'ర' కాస్తా 'య' అయిపోయింది, రాతలో మాత్రం 'ర' అలాగే ఉండిపోయింది. అందుకే రాసేది మ్ర, పలికేది మ్య. ఇక వ్యవహారంలో మొదటి 'మ' మెత్తబడి 'బ' అయి, మధ్యలో ఉన్నవి జారిపోయి 'బమా' అయింది. అంటే మ్యన్మా అనేది గ్రంథాల్లో, ప్రభుత్వ కాగితాల్లో ఉండే రూపం, బమా అనేది నోటి మీద నడిచే రూపం. మనకి తెనుగు, తెలుగు ఉన్నాయి చూడండి, ఒకటే మాటకి రెండు రూపాలు, ఇప్పుడు తెనుగు అంటే కాస్త పుస్తకాల వాసన వస్తుంది, తెలుగు అంటే మామూలుగా ఉంటుంది. దాదాపు అలాంటిదే ఇది.

ఇంగ్లీషువాళ్ళు రేవుల్లో, బజార్లలో విన్నది బమా అన్న వాడుక రూపం. దాన్ని బిర్మా అనీ బర్మా అనీ, చివర ఒక హెచ్ తగిలించీ రకరకాలుగా రాశారు. అంతకుముందు యూరప్ వాళ్ళు ఆ రాజ్యాన్ని రాజధాని పేరుతో 'ఆవా' అనేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళతో జరిగిన మొదటి యుద్ధం ముగిశాక 1826లో యాండబో దగ్గర రాసుకున్న సంధిలో కూడా ఉన్నది ఆవా రాజు అనే. బర్మా అన్న పేరు స్థిరపడింది ఆ తర్వాతే. 1886లో గ్లాస్గోలో పెట్టిన బర్మా ఆయిల్ కంపెనీ పేరులో ఆ చివరి హెచ్ ఉంది. మన పెద్దవాళ్ళకి బాగా తెలిసిన బర్మాషెల్, కిరసనాయిలు డబ్బాల మీద కనిపించిన ఆ పేరు, ఆ కంపెనీ నుంచి వచ్చిందే. 1976లో జాతీయం చేశాక అదే భారత్ పెట్రోలియం అయింది.

ఇంకో ముచ్చట. ఇంగ్లీషు స్పెల్లింగుల్లో బర్మాలో ఉన్న 'ర్', మయన్మార్ చివర ఉన్న 'ర్' రెండూ అక్కడి వాళ్ళు పలికేవి కావు. లండన్ ఇంగ్లీషులో అచ్చు తర్వాత వచ్చే ఆర్ పలకరు, దీర్ఘానికి గుర్తుగా మాత్రమే రాస్తారు. ఆ లెక్కన రాసిన ఆర్‌ని మనం ఉన్నదున్నట్టు చదివి తెలుగులోకి తెచ్చుకున్నాం. చిత్రమేమిటంటే పాత రూపంలో నిజంగా ఉన్న ర, మ పక్కనే ఉన్న ర, రెండు ఇంగ్లీషు స్పెల్లింగుల్లోనూ లేదు. ఆ దేశపు పడమటి తీరంలో ఉన్న అరకాన్ వైపు వాళ్ళు ఈరోజుకీ ఆ ర పలుకుతూ మ్రన్మా అంటారు.

1989లో ఏం జరిగింది

1948 జనవరి 4న స్వతంత్రం వచ్చినప్పుడు ఇంగ్లీషులో పెట్టుకున్న పేరు యూనియన్ ఆఫ్ బర్మా. అదే రోజు బర్మీస్‌లో రాసుకున్న అధికారిక పేరులో ఉన్నది మ్యన్మాయే. అంటే నలభై ఏళ్ళ పాటు ఎవరికీ ఇబ్బంది లేకుండా ఇంట్లో ఒకటి, బయటికి ఒకటి నడిచాయి. 1989 జూన్‌లో సైనిక ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి ఇంగ్లీషు పేరుని కూడా మయన్మార్‌గా మార్చింది, దాంతోపాటు ఊళ్ళు, నదులు, రాష్ట్రాల ఇంగ్లీషు పేర్లు కూడా. బర్మీస్‌లో మాట్లాడుకునేవాళ్ళకి ఆ రోజు మారింది ఏమీ లేదు.

మరి గొడవ ఎందుకయింది అంటే, మార్చింది ఎవరన్న దాని వల్ల. అంతకు ముందు ఏడాదే, 1988లో, ప్రజాస్వామ్యం కావాలని వీధుల్లోకి వచ్చిన జనం మీద కాల్పులు జరిపి అధికారం పట్టుకున్న సైనికాధికారులు వాళ్ళు. 1990లో ఎన్నికలు పెట్టి, ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ పార్టీ భారీగా గెలిస్తే అధికారం అప్పగించలేదు. మా దేశం పేరు మార్చమని మీకెవరు చెప్పారు అన్నది ప్రతిపక్షం వాదన. అందుకని బర్మా అనడం ఒక నిరసన అయింది. ఐక్యరాజ్యసమితి కొత్త పేరు ఒప్పుకుంది, మన దేశం కూడా మయన్మార్ అనే అంటోంది. అమెరికా మాత్రం తన అధికారిక విధానంలో బర్మా దగ్గరే ఉండిపోయింది. మా అన్నయ్య కూతురికి ఎం కింద దేశం దొరకకపోవడానికి కారణం ఇదే.

సైన్యం చెప్పిన కారణం ఇంకొకటి. బమర్ అంటే జనాభాలో మూడింట రెండొంతులు ఉన్న ఒక్క జాతి మాత్రమే, మ్యన్మా అంటే కరెన్, కచిన్, షాన్, చిన్, మోన్, అరకానీయులు అందరూ కలిసినది అని. వినడానికి బాగుంటుంది. అయితే ఇదే వాదన సరిగ్గా తలకిందులుగా ఆ దేశంలోనే ముందొకసారి నడిచింది, ఆ కథలో మనవాళ్ళ నెత్తురు కూడా ఉంది కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

1930 మేలో రంగూన్ రేవులో సరుకు ఎత్తే తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీస్ కూలీల్ని పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె తేలిపోయి తెలుగువాళ్ళని వెనక్కి తీసుకునేసరికి, పని పోయిన బర్మీస్ కూలీలకీ వీళ్ళకీ మధ్య మొదలైన గొడవ ఊరంతా పాకి, వందల మంది ఆ కొట్లాటల్లో దెబ్బతిన్నారు, చాలామంది తెలుగువాళ్ళు చనిపోయారు. అప్పట్లో తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవాళ్ళు, కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు కాబట్టి. ఆ ఏడాదే ఆ వేడిలోనే పుట్టింది దొబమా అనే బర్మీస్ జాతీయవాదుల సంఘం. 'మన బమా' అన్నది దాని అర్థం. మ్యన్మా అంటే ఒక జాతే, బమా అంటేనే దేశంలో అన్ని జాతులూ వస్తాయి అని వాళ్ళు వాదించారు. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత సైన్యం చెప్పినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రెండు రూపాలూ ఒకే జాతి పేరు నుంచి వచ్చినవే కాబట్టి, ఫలానా పేరులో అందరూ ఉన్నారు, ఫలానా పేరులో లేరు అన్న వాదన మీద ఆధారపడి ఎంపిక చేసుకోకండి. అది ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

అయితే ఇప్పుడు ఏది వాడాలి

ఈనాటి దేశానికి నేను మయన్మార్ వైపు మొగ్గుతున్నాను. పదిహేనేళ్ళ కిందట అడిగితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. కారణాలు రెండు. 2016లో సూచీ ప్రభుత్వంలోకి వచ్చాక విదేశీ రాయబారులతో మాట్లాడుతూ, రాజ్యాంగంలో ఫలానా పేరే వాడాలని లేదు, తనకి అలవాటు కాబట్టి బర్మా అంటాను, మీరు ఏదైనా వాడుకోండి అని చెప్పేసింది. ఇది మొదటిది. అంతకంటే పెద్దది రెండోది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కున్నాక, దానికి ఎదురుగా ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వం తన ఇంగ్లీషు పేరులో పెట్టుకున్నది మయన్మార్ అనే. సైన్యంతో పోరాడుతున్నవాళ్ళే ఆ పేరు వాడుతున్నప్పుడు, మయన్మార్ అంటే సైన్యాన్ని సమర్థించినట్టు అన్న పాత లెక్క ఇప్పుడు నిలబడదు. అలాగని బర్మా అన్నవాళ్ళని తప్పు పట్టాల్సిన పనీ లేదు. ప్రవాసంలో ఉన్న పాత తరం ఉద్యమకారులు చాలామంది ఇప్పటికీ బర్మా అనే అంటారు. వాళ్ళ మాటని తర్జుమా చేసేటప్పుడు వాళ్ళు అన్నది అన్నట్టే ఉంచండి. మాట్లాడేవాడు బర్మా అంటే కొటేషన్‌లో మయన్మార్ అని దిద్దడం సబ్ ఎడిటర్ చేయకూడని పని, దాంతో ఆ మనిషి పక్షమే మారిపోతుంది.

చరిత్ర రాసేటప్పుడు మాత్రం బర్మా. "1937లో మయన్మార్‌ని భారతదేశం నుంచి విడదీశారు" అని ఈమధ్య ఒక పోటీ పరీక్షల మెటీరియల్‌లో చూశాను. ఆ వాక్యం చదివితే ఏదో అతికించినట్టు లేదూ? 1937 ఏప్రిల్ 1న విడదీసింది బర్మాని, దాని పాలనకి తెచ్చిన చట్టం పేరులోనూ ఉన్నది బర్మానే. బహదూర్ షా జఫర్‌ని పంపింది రంగూన్‌కి, తిలక్‌ని ఉంచింది మాండలే జైల్లో, జపాన్ వాళ్ళు 1941 డిసెంబర్ 23న బాంబులేసింది రంగూన్ మీద. మొదటిసారి వచ్చినప్పుడు "నేటి మయన్మార్" అని ఒక్కసారి చెప్పండి, చాలు. ఒకే వ్యాసం 1989కి అటూ ఇటూ నడుస్తుంటే, కాలంతోపాటే పేరు మారనివ్వండి. పాఠకుడు తికమక పడడు, మొదట్లో ఒక వాక్యంలో చెప్పి ఉంచితే సరిపోతుంది.

విశేషణం దగ్గర చాలామంది పడతారు. దేశం మయన్మార్ కాబట్టి భాష మయన్మారీస్ అనుకుని రాసేస్తారు, మన ఇంగ్లీషు పేపర్లలోనూ అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఇంగ్లీషులో బాగా నిలదొక్కుకున్న మాట బర్మీస్ ఒక్కటే, భాషకైనా, తిండికైనా, మనుషులకైనా. అక్కడి ప్రభుత్వం విశేషణంగా వాడేది చివరి ఆర్ లేని 'మ్యన్మా', అది సంస్థల పేర్లలో కనిపిస్తుంది, కలప అమ్మే ప్రభుత్వ సంస్థ మ్యన్మా టింబర్ ఎంటర్‌ప్రైజ్ అలాంటిదే. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి: బర్మీస్ అంటే దేశస్థులందరూ, బమర్ అంటే ఆ పెద్ద జాతి మాత్రమే. ఒక కరెన్ మనిషిని బమర్ అని రాస్తే అది స్పెల్లింగు తప్పు కాదు, అసలు మనిషినే తప్పుగా చెప్పినట్టు. తెలుగులో నేను దేశస్థులకి "మయన్మార్ పౌరులు" లేక "మయన్మార్ వాసులు" అని రాస్తాను, భాషకి బర్మీస్ అని రాస్తాను.

ఇంగ్లీషులో పాత దేశం పేర్లు ఇలా విశేషణాల్లో, సరుకుల్లో బతికిపోవడం కొత్తేం కాదు. సిలోన్ 1972లో శ్రీలంక అయింది, టీ ఇంకా సిలోన్ టీయే. 1935లో పర్షియాని ఇరాన్ అనమన్నారు, తివాచీ మాత్రం పర్షియన్. సయాం 1939లో థాయిలాండ్ అయింది, పిల్లి సయామీస్. వీటిలో సిలోన్, సయాం ఇప్పుడు దేశం పేరుగా ఎవరూ వాడరు, వాడితే పాత సినిమా డైలాగులా ఉంటుంది. బర్మా వాటిలాంటిది కాదు, అది పాతబడిన పేరే గానీ చచ్చిపోయిన పేరు కాదు, అందుకే దానికి ఇంత గైడు కావాల్సి వచ్చింది.

ఊళ్ళు, నదులు, జాతులు

రంగూన్ విషయంలో కూడా అందరూ ఇంగ్లీషువాళ్ళ నోరు తిరగక అలా అయిందంటారు. అదీ సరి కాదు. బర్మీస్ రాతలో ఆ పేరు 'ర'తోనే మొదలవుతుంది, పలకడంలో 'య' అయింది. అంటే యాంగోన్ అనేది ఉచ్చారణ, రంగూన్ అనేది స్పెల్లింగుకి దగ్గర. 1755లో అలౌంగ్‌పయా రాజు పెట్టిన పేరది, కలహం తీరిపోయింది అని అర్థం. ఈనాటి వార్తకి యాంగోన్ రాయండి. మన పేపర్లలో యాంగాన్, యాంగూన్ కూడా ఉన్నాయి గానీ పలికే తీరుకి యాంగోన్ దగ్గర. పాత కథలకి రంగూన్. ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు "రంగం వెళ్ళాడు" అనేవాళ్ళు, ఆ మాట మీ ఇంట్లో ఎవరైనా అంటుంటే రికార్డు చేసి పెట్టుకోండి, దిద్దకండి.

నది పేరుకి మాత్రం మనకి ఎవరి స్పెల్లింగూ అక్కర్లేదు. ఇంగ్లీషులో పాతది ఇరవాడీ, కొత్తది ఎయావడీ. రెండిటికీ మూలం ఐరావతి, అది మన నోటికి సిద్ధంగా ఉన్న మాట. ఇరావతి అని రాస్తే పంజాబ్‌లోని రావి నది పాత పేరుతో కలిసిపోతుంది కాబట్టి ఐ తోనే రాయండి. పెగు బగో అయింది, ప్రోమ్ ప్యే అయింది, మౌల్మేన్ మౌలమ్యైన్ అయింది, అక్యాబ్ సిత్వే అయింది. మీ తాతల ఉత్తరాల్లో ఉండే పేర్లు మొదటివి, ఇప్పుడు మ్యాపులో వెతకాల్సినవి రెండోవి.

జాతుల దగ్గర నియమం వేరు. 1989 చట్టం అరకాన్‌ని రఖైన్ చేసింది, కరెన్‌ని కయిన్ చేసింది. కానీ 1947లో పుట్టిన కరెన్ నేషనల్ యూనియన్ ఇప్పటికీ కరెన్ అనే పెట్టుకుంటోంది. 2009లో వచ్చిన అరకాన్ ఆర్మీ అయితే కొత్తగా పుట్టి కూడా పాత పేరే ఎంచుకుంది. కొత్త పేరు ఎప్పుడూ ఆ జనం పేరు, పాత పేరు ఎప్పుడూ పరాయివాడి పేరు అని కళ్ళు మూసుకుని అనుకుంటే ఇక్కడ దెబ్బ తింటాం. వాళ్ళు తమని తాము ఏమనుకుంటున్నారో అది రాయాలి. అరకాన్‌లో ఉండే ముస్లిం జనం రోహింగ్యాల విషయంలో అక్కడి ప్రభుత్వాలు ఆ మాటే ఒప్పుకోవు, అయినా వాళ్ళు తమకి పెట్టుకున్న పేరు అదే, నేను అదే రాస్తాను. కోరంగీలు అని ఇంకొకరు పెట్టిన పేరు మోసిన కుటుంబం మాది, ఈ ఒక్క విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

అడితికి వెళ్ళినప్పుడు

ఇల్లు కట్టేవాళ్ళకి ఈ పేరు ఇంకోలా తగులుతుంది. బర్మా టేకు అన్నది కలప వ్యాపారంలో నాణ్యతకి మారుపేరైపోయింది. మయన్మార్ టేకు అని అడిగితే అడితిలో మీ మొహం చూస్తారు, బర్మా టేకు అనే అడగండి, కానీ ఆ పేరు విని ధర ఒప్పుకోకండి. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ టేకు దుంగల ఎగుమతి ఆపేసింది, కోసిన కలపే బయటికి రావాలి. కాబట్టి ఎవరైనా దుంగ చూపించి, ఈమధ్యే దిగిన బర్మా సరుకు అంటే, ఏ దేశం నుంచి వచ్చిందో దిగుమతి కాగితం చూపించమనండి. మా ఇంటి తలుపులు చేయించేటప్పుడు ఒకతను ఇలాగే చెప్పి, కాగితం అడగ్గానే "బర్మా రకం అండి" అన్నాడు. రకం అన్న మాట అప్పుడు వచ్చింది. కెంపుల దగ్గర కూడా ఇంతే, మొగోక్ గనుల కెంపుకి బర్మా అన్న పేరుతోనే విలువ. అక్కడ పేరు కంటే ల్యాబ్ సర్టిఫికెట్ చూసుకోండి.

కాగితాలు, ఫారాలు

తిరిగి అమ్మ విషయానికి. 1962లో సైన్యం వచ్చాక, దుకాణాలు జాతీయం చేసి, 1964లో 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేసేసరికి, మా తాతగారి దగ్గర ఒక ట్రంకు పెట్టె తప్ప ఏమీ మిగల్లేదు. మరుసటి ఏడాది ఓడెక్కి వచ్చేశారు. అలా వచ్చినవాళ్ళకి ఇచ్చిన చోట్లే ఇప్పటికీ బర్మా పేరుతో ఉన్నాయి, విశాఖలో బర్మా క్యాంపు, చెన్నైలో బర్మా బజారు. అమ్మ దగ్గరున్న కాగితాలన్నిటి మీదా పుట్టిన ఊరు రంగూన్, దేశం బర్మా. కొన్నేళ్ళ కిందట ఒక ఆఫీసులో ఎవరో, మంచికే అనుకుని, ఒక కాగితంలో దాన్ని యాంగోన్, మయన్మార్ అని "అప్‌డేట్" చేశారు. ఆ తర్వాత రెండు కాగితాలూ ఒకే మనిషివని నిరూపించుకోవడానికి మేం తిరిగిన తిరుగుడు ఇంతా అంతా కాదు. అందుకే మళ్ళీ మళ్ళీ చెప్తున్నాను: చేతితో రాసే చోట, పాస్‌పోర్టులో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి. జాబితాలోంచి ఎంచుకునే చోట ఉన్నది ఎంచుకోండి. అమెరికా వాళ్ళ జాబితాలో బీ కింద, చాలా దేశాల జాబితాల్లో ఎం కింద, బ్రిటన్ వాళ్ళు మయన్మార్ పక్కన బ్రాకెట్లో బర్మా అని పెడతారు. రెండు పేర్లూ ఒకే దేశానివని వీసా చూసేవాళ్ళకి తెలుసు. వాళ్ళు వెతికేది ఊరి పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉన్నాయా అని.

తెలుగులో స్పెల్లింగు గురించి కూడా అడుగుతుంటారు. మియన్మార్, మ్యాన్మార్, మయాన్మార్ అన్నీ చూశాను. పలుకుబడికి దగ్గరైనది మ్యన్మా, మన లిపిలో ఇంగ్లీషు కంటే హాయిగా ఒదుగుతుంది కూడా. అయినా పాఠకుడి కళ్ళకి అలవాటైంది మయన్మార్, నేను అదే రాస్తాను, ఒక వ్యాసంలో మొదటి నుంచి చివరిదాకా అదొక్కటే.

టీవీకి, రేడియోకి, వాట్సాప్‌లో పెద్దవాళ్ళకి పంపేవాటికి మాత్రం ఒక చిన్న మార్పు. 2025 మార్చి 28న మాండలే దగ్గర 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు అమ్మ టీవీ ముందే కూర్చుని ఉంది. యాంకర్ నాలుగైదు సార్లు మయన్మార్, మయన్మార్ అంటోంది, అమ్మ పత్తి వత్తులు చేసుకుంటూ మామూలుగా వింటోంది. కింద స్క్రోలింగ్‌లో మాండలే అని రాగానే చేతిలో వత్తి ఆగిపోయింది. "ఒరే, ఇది మన బర్మాలోనా?" అంది. అరవై ఏళ్ళ కిందట వదిలి వచ్చిన దేశం పేరు ఆవిడకి అదొక్కటే. అప్పట్నుంచి నేను రాసే ప్రతి వార్తలో మొదటిసారి మయన్మార్ వచ్చిన చోట పక్కనే బ్రాకెట్లో బర్మా అని పెడుతున్నాను.